తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా

బడి నుంచి ఇంటికొచ్చే కాగితం ఏదైనా దాదాపు ఇలాగే మొదలవుతుంది. ఫీజు గురించి కావచ్చు, ఆధార్ జిరాక్సు గురించి కావచ్చు, పరీక్షల టైమ్ టేబుల్ గురించి కావచ్చు. ఇప్పుడు కాగితం పోయి వాట్సాప్ గ్రూపు వచ్చింది కానీ వాక్యం పెద్దగా మారలేదు. ఆ వాక్యంలో తెలిసినవాళ్ళు బడివైపు, తెలియనివాళ్ళు ఇంటివైపు. కింద సంతకానికి ఒక గీత ఉంటుంది. జవాబు రాసుకోవడానికి చోటుండదు.

టీచర్లకిచ్చే శిక్షణ పుస్తకాల్లో 'తల్లిదండ్రులు, సమాజ భాగస్వామ్యం' అని ఒక అధ్యాయం తప్పకుండా ఉంటుంది. ఆ అధ్యాయాన్ని సాహిత్యంగా ఎవరూ చదవరు. నాకు మాత్రం అలా చదవాలనిపిస్తుంది. అందులో కథలుంటాయి, పాత్రలుంటాయి, సంభాషణలుంటాయి. పైగా దానికున్నంత పాఠకవర్గం మన నవలలకి లేదు. 2019 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన 'నిష్ఠా' శిక్షణ ఒక్కటే దాదాపు 42 లక్షలమంది ప్రాథమిక స్థాయి టీచర్లనీ హెడ్మాస్టర్లనీ లక్ష్యంగా పెట్టుకుంది. చదివామని టిక్కు పెట్టి ముందుకెళ్ళేవాళ్ళని తీసేసినా, మిగిలేది చిన్న సంఖ్య కాదు. అంతమంది చదివే వచనంలో అమ్మానాన్నలు ఎలా కనబడుతున్నారన్నది సాహిత్య విమర్శకి సంబంధించిన ప్రశ్నే.

ఇలాంటి సామగ్రిని తెలుగులో సరిచూసే పని నేను కొంతకాలం చేశాను. అందులో ఒక కథ పదేపదే వచ్చేది. పేర్లు మారతాయి, కథ అదే. ఒక కుర్రాడు బడికి సరిగా రాడు. తండ్రి తాగుతాడు. తల్లికి చదువు రాదు. టీచరమ్మ వాళ్ళింటికెళ్ళి చదువు విలువ వివరిస్తుంది. తల్లి కళ్ళు చెమరుస్తాయి. మర్నాటి నుంచి కుర్రాడు రోజూ బడికొస్తాడు. కింద మూడు ప్రశ్నలు: టీచరు ఏంచేసింది? దానివల్ల ఏం మార్పు వచ్చింది? మీరైతే ఏంచేసేవారు?

దీన్ని ఎవరైనా ఒక పత్రికకి కథగా పంపితే సంపాదకులు తిప్పి పంపిస్తారు. తల్లి ఒక్క మాట మాట్లాడదు. కుర్రాడు ఎందుకు రావట్లేదో ఎవరూ అడగరు. మిరపకోతలకి ఊరంతా గుంటూరు వైపు వలసపోయే ఆదోని ప్రాంతంలోనూ ఇదే కథ, ముంబైకీ గల్ఫ్‌కీ మనుషులు పోయి ముసలమ్మలు పిల్లల్ని పెంచుతున్న తెలంగాణ పల్లెలోనూ ఇదే కథ. పనికోసం పిల్లల్ని వెంటబెట్టుకుపోయే తల్లికి చదువు విలువ తెలియకేం? ఆమెకి లేనిది సాయంత్రం ఆ పిల్లాడికి అన్నంపెట్టి పడుకోబెట్టే మనిషి. కానీ కథ రాసినవాళ్ళకి కావాల్సింది ఆమె కన్నీళ్ళు మాత్రమే.

పాపం ఆ కథారచయితని ఒక్కణ్ణే తప్పుపట్టలేం. ఆ వ్యాకరణం చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం తీసి క్రియాపదాలు మాత్రం చూడండి. పదో సెక్షన్ ప్రకారం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. ఇరవైనాలుగో సెక్షన్ ప్రకారం టీచర్లు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టాలి, పెట్టి పిల్లల హాజరు గురించీ నేర్చుకునే శక్తి గురించీ ప్రగతి గురించీ వాళ్ళకి తెలియజేయాలి. తెలియజేయాలి అని ఉందే తప్ప తెలుసుకోవాలి అని లేదు. మన సర్క్యులర్ మొదటి వాక్యం అక్కడినుంచే పుట్టిందా అనిపిస్తుంది.

అదే చట్టం ఇరవయ్యొకటో సెక్షన్లో మాత్రం తల్లిదండ్రులు ఇంకోలా కనిపిస్తారు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్ళే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, బడి పనితీరుని వాళ్ళు గమనించాలి. అంటే కాగితం మీద ఒకేమనిషి బడిని పర్యవేక్షించే అధికారి, బడి చెప్పింది విని తలూపాల్సిన శ్రోత కూడా. ఈ రెండు పాత్రల మధ్య ఎలా నడవాలో టీచరుకి ఎవరు నేర్పారు? అమ్మకి ఎవరు నేర్పారు? కమిటీ తీర్మానం ముందే రాసిపెట్టి ఆమె వేలిముద్ర తీసుకోవడం ఒక్కటీ అందరికీ ఏ శిక్షణా లేకుండానే వచ్చేసింది.

ఈ విషయంలో శిక్షణ పుస్తకాలకన్నా మనకి బాగా తెలిసిన రెండు పుస్తకాలు ఎక్కువ నేర్పుతాయని నా వాదన. మొదటిది టెట్సుకో కురొయనాగి 1981లో రాసిన తొత్తోచాన్. తెలుగులో 'రైలుబడి'. అందరూ అందులో రైలుపెట్టెల తరగతుల గురించీ, హెడ్మాస్టరు కొబయాషి ఆ చిన్నపిల్ల కబుర్లు గంటలతరబడి వినడం గురించీ చెప్తారు. నేను వేరేవైపు చూడమంటాను. ఆ హెడ్మాస్టరు ఇంటికి పంపే కబుర్లు చూడండి. మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి వచ్చేది ఒకటి, కొండల నుంచి వచ్చేది ఒకటి ఉండేలా చూడమంటాడు. పోషకాహారం, ప్రొటీనులు అని పాఠం చెప్పడు. ఏ ఇల్లాలైనా తనకున్నదాంట్లోంచి చేయగల పని అది. డబ్బాలో ఏదైనా తక్కువైతే తల్లికి చీటీ వెళ్ళదు. ఆయన భార్య రెండు గిన్నెలు పట్టుకుని పిల్లల మధ్య తిరుగుతూ లేనిది వడ్డిస్తుంది. ఇంకోటి, బడికి పాతబట్టలే వేసి పంపమంటాడు. చిరుగుతాయేమో, మాసిపోతాయేమో అన్న భయంతో పిల్లలు ఆటలు మానుకోకూడదని.

ఈ రెండు కబుర్లనీ సర్క్యులర్లుగా చదవండి. రెండిటిలోనూ కుటుంబం మీద పడే బరువుని బడి తగ్గిస్తోంది. తక్కువైనది బడే పూరిస్తోంది, అదీ ఎవరికీ చిన్నతనం అనిపించకుండా. శిక్షణ పుస్తకంలో పది పేజీలు ఆక్రమించే 'కుటుంబానికి చేయూత' ఇక్కడ రెండు గిన్నెల్లో సరిపోయింది.

అయితే రైలుబడిని మరీ నెత్తిన పెట్టుకోలేం. తొత్తోచాన్ తండ్రి వయొలిన్ కళాకారుడు. మొదటి బడి పిల్లని తీసేస్తే తల్లి ఇంకో బడి వెతుక్కోగలిగింది. తీసేశారన్న సంగతి పిల్లకి ఇరవయ్యేళ్ళు దాటేదాకా చెప్పకుండా దాచగలిగింది. ఆ ఓర్పు గొప్పదే. దాని వెనక కాస్త తీరికా, కాస్త ధైర్యమిచ్చే హోదా కూడా ఉన్నాయి. వెతుక్కోడానికి ఇంకో బడి లేని తల్లి సంగతి ఆ పుస్తకానికి తెలియదు.

అది తెలిసిన పుస్తకం ఇటలీ నుంచి వచ్చింది. ఫ్లారెన్స్ దగ్గరి కొండల్లో బార్బియానా అనే పల్లె. లొరెంజో మిలానీ అనే మతగురువు అక్కడ రైతుల పిల్లలకి బడి నడిపాడు. పరీక్షలు తప్పి బయటపడ్డ ఆ పిల్లల్లో ఎనిమిదిమంది కలిసి ఒక టీచరుకి ఉత్తరం రాశారు. 1967లో అది పుస్తకంగా వచ్చింది. డాక్టరుగారబ్బాయి పియెరీనో, రైతుబిడ్డ జాన్నీ అని రెండు పేర్లు పెట్టుకుని, బడి ఎవరిని ఉంచుకుంటుందో ఎవరిని బయటకి తోస్తుందో తండ్రుల వృత్తులవారీగా లెక్కగట్టి చూపించారు. పియెరీనో ఇంట్లో పుస్తకాలున్నాయి, బడి మాట్లాడే భాషే ఇంట్లోనూ మాట్లాడతారు. అలాంటి ఇంటికి బడి తెలియజేసేదేమీ ఉండదు. జాన్నీ ఇంటికి వెళ్ళే కబురు ఒకటే, మీవాడికి చదువు అబ్బదని.

ఆ పుస్తకం గొంతు చాలాచోట్ల అన్యాయంగా ఉంటుంది. టీచర్ల మీద ఇంత కక్షా అనిపిస్తుంది. కానీ మన శిక్షణ పుస్తకాల్లో ఎప్పుడూ రాని ఒక పని అది చేసింది. తల్లిదండ్రుల తరఫున కోపగించుకుంది. కోప్పడే తల్లి మన మాడ్యూళ్ళలో 'సవాలు'గా వస్తుంది, ఆమెని శాంతపరచే ఆరు పద్ధతులతో సహా. ఆమె కోపంలో సమాచారం ఉందేమో అని వెతికే అభ్యాసం ఒక్కటీ నేను చూడలేదు.

మరి టీచర్లకి ఇది నేర్పడం సాధ్యమేనా? సాధ్యమేనని చూపించిన ఒక ప్రయత్నం అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలో జరిగింది. లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో దాని గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. మెక్సికన్ మూలాలున్న శ్రామిక కుటుంబాల పిల్లలు చదివే బళ్ళవి. అక్కడి టీచర్లకి మానవశాస్త్ర పద్ధతిలో శిక్షణ ఇచ్చి ఇళ్ళకి పంపారు. బోధించడానికి కాకుండా నేర్చుకోడానికి పంపారు. కుటుంబం ఎక్కడినుంచి వచ్చింది, ఏయే పనులు చేసింది, ఇల్లు ఎలా గడుస్తోంది అని అడగడం, వచ్చాక అందరూ కూర్చుని చూసింది చర్చించుకోవడం, ఇదే శిక్షణ. వ్యవసాయం, గనులు, ఇళ్ళ కట్టుబడి, మూలికావైద్యం, సరిహద్దు దాటి చేసే చిల్లర వ్యాపారం, ఇంత విద్య ఆ ఇళ్ళలో ఉందని వాళ్ళకి తెలిసొచ్చింది. ఒక పిల్లాడు మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయి అమ్ముతున్నాడని తెలుసుకున్న టీచరు మిఠాయి చుట్టూ పాఠాలు అల్లుకుంది. ఒక తల్లి తరగతికొచ్చి మిఠాయి చేసి చూపించింది. ఆ రోజు పాఠం చెప్పింది ఆమే.

నాకు నచ్చిన ఉదాహరణే అయినా ఇక్కడికి దిగుమతి చేసుకోబోయేముందు ఆగాలి. 'మీ నాన్న ఏం పనిచేస్తాడు' అన్నది తెలుగు తరగతిగదిలో అమాయకమైన ప్రశ్న కాదు. ఆ పని పేరులో కులం పేరుంటుంది. తోలుపని, డప్పు, చాకిరేవు, వీటిని 'ఇంటి విద్య'గా బోర్డుమీద రాసి చప్పట్లు కొట్టిస్తే, ఆ పిల్లాడు దేన్నుంచి తప్పించుకోడానికి బడికొచ్చాడో దానికే మళ్ళీ కట్టేసినట్టవుతుంది. టూసాన్ టీచర్లకి భాషా వలసా అడ్డుగోడలైతే, మన టీచరుకి వాడలోకి అడుగుపెట్టడమే ఒక పరీక్ష. ఆ ఇంట్లో చెంబుతో ఇచ్చిన మంచినీళ్ళు తాగుతుందా, ఇప్పుడే తాగొచ్చానమ్మా అంటుందా? ఇల్లంతా చూసేది అదే. ఆ తర్వాత ఆమె చదువు విలువ గురించి ఎంతసేపు చెప్పినా ఆ ఇంటికి చేరాల్సింది అప్పటికే చేరిపోయి ఉంటుంది. గృహ సందర్శన గురించి నేను చూసిన పుస్తకాల్లో పలకరింపు నుంచి వీడ్కోలు దాకా అన్ని మెట్లూ ఉన్నాయి, మంచినీళ్ళ ప్రస్తావన లేదు.

టీచర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది న్యాయమైనదే. పాఠం చెప్పడానికే టైము లేదు, యాపుల్లో ఫోటోలు ఎక్కించాలి, భోజనం లెక్కలు పంపాలి, ఆపైన ఇల్లిల్లూ తిరగమంటారా అని. 2020 జాతీయ విద్యావిధానం ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంది. పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ పనిచేస్తూ ఊళ్ళలో తిరిగే కౌన్సెలర్లు, బాగా శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు బళ్ళకి అనుబంధంగా ఉంటారనీ అంది. ఆ వాక్యంలో 'బాగా శిక్షణ పొందిన' అన్న విశేషణం రాయడం తేలిక. ఆ మనిషి జీతం ఎవరిస్తారన్నది కష్టం. మనిషి రానంతకాలం ఆ విశేషణం కూడా టీచరు నెత్తిమీదే పడుతుంది.

ఇక్కడ కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1998లో తల్లిదండ్రుల చొరవతో మొదలైన ఇంటి సందర్శనల నియమాలు చూడదగ్గవి. వెళ్ళడం టీచరు ఇష్టం, బలవంతం లేదు. శిక్షణ ఇస్తారు, వెళ్ళిన సమయానికి డబ్బులిస్తారు. ఇద్దరిద్దరుగా వెళ్తారు. చదువురాని పిల్లల ఇళ్ళకో, అల్లరిపిల్లల ఇళ్ళకో మాత్రమే వెళ్ళడం నిషిద్ధం. మొదటిసారి మార్కుల ఊసెత్తరు, మీ పిల్లల గురించి మీ ఆశలేమిటని అడుగుతారు. ఆ నిషేధం వెనకున్న ఇంగితం గమనించండి. మాస్టారు ఇంటికొచ్చారంటే పిల్లాడేదో తప్పుచేశాడనే మనూళ్ళలోనూ అర్థం. ఆ అర్థం మారనంతకాలం ఏ తల్లీ మనసు విప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. తర్వాతి ఏడాది జూలైలో మళ్ళీ పెట్టారు. అమ్మలు రంగుబట్టల్లో బడి గేటు లోపలికి రావడం చిన్న విషయమేం కాదు. బడిమెట్లెక్కని ఆడవాళ్ళు కుర్చీలో కూర్చున్నారు. వెటకారం చేయడం నాకిష్టం లేదు. కానీ విమర్శకురాలిగా నా ప్రశ్న మళ్ళీ క్రియాపదం దగ్గరే ఆగుతుంది. ఆ రోజు ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు? మైకు ఎటు తిరిగింది?

శిక్షణ ఇచ్చేవాళ్ళకి నాదొక సూచన. ఆ పాత కథ తీసేయకండి, టీచర్లకే ఇచ్చి తల్లి వైపు నుంచి తిరగరాయమనండి. ఒకటే నియమం: ఆమె ఏడవకూడదు. ఏడుపు తీసేస్తే ఆమె మాట్లాడాల్సి వస్తుంది. అప్పుడు రాసేవాళ్ళకి ఆమె పొద్దున ఎన్నింటికి లేస్తుందో, కూలికి ఎంతదూరం పోతుందో, పెద్దపిల్ల చంటోణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఎందుకుండిపోయిందో తెలిసుండాలి. కొందరికి తెలుస్తుంది, వాళ్ళూ ఆ ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే కాబట్టి. ఇన్నాళ్ళూ ఏ శిక్షణా వాళ్ళని ఆ సంగతి చెప్పమని అడగలేదు. మిగిలినవాళ్ళు కలం పట్టుకుని ఆగిపోతారు. ఆగిపోయిన చోట వాళ్ళకి తెలియనిదేమిటో ఒక కాగితం మీద రాసుకోమనండి. ఇంటికి వెళ్ళినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు అవే.