బందరు రూపాయి మీది త్రిశూలం

పనివాడి చేవ తెలియాలంటే నాణెం మీద రాజు బొమ్మ ఉండనక్కర్లేదు. ఫ్రెంచివారి ఏలుబడిలో బందరు టంకశాల కొట్టిన వెండి రూపాయి చూస్తే చాలు.

బందరు, అంటే మచిలీపట్నం, 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ కోటను పట్టుకునేదాకా వాళ్లదే. అయినా ఆ రూపాయి మీద ఫ్రెంచి అక్షరం ఒక్కటీ లేదు. అంతా పారసీ రాతే: ఒకవైపు ఢిల్లీ పాదుషా అహ్మద్ షా బహదూర్ పేరు, రెండోవైపు ఆయన ఏలుబడి ఏడు, టంకశాల ఉన్న ఊరు. జనానికీ, షరాబులకూ అలవాటైన రూపాయి అదే కాబట్టి పరాయి ఫ్రెంచి కంపెనీ కూడా పాదుషా పేరు చాటునే వ్యాపారం చేసుకుంది. తన గుర్తుగా అక్షరాల సందున ఒక చిన్న త్రిశూలం మాత్రం పెట్టుకుంది.

పని ఎంత కష్టమో చూడండి. అచ్చు మీద ప్రతి అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. పారసీ రాతలో ఒంపులు ఎక్కువ, చుక్క తప్పితే మాటే మారిపోతుంది. చెక్కినవాడు అక్షరాల పొడవాటి గీతలను అడ్డంగా సాగదీసి, నాణేన్ని అంతస్తులుగా విడగొట్టాడు. ఒక్కో అంతస్తులో ఒక్కో మాట ఒదిగింది. తర్వాత సుమారు పదకొండున్నర గ్రాముల వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు. అచ్చు బిళ్లకంటే పెద్దది. అందుకే మామూలుగా నాణెం మీద రాత పూర్తిగా పడదు. మొత్తం చదవాలంటే ఒకటికి మించి నాణేలు పక్కపక్కన పెట్టుకోవాలి.

ఆనాటికే సాక్సనీ వంటి జర్మన్ రాజ్యాలు మరయంత్రాలతో థాలర్లనే వెండి నాణేలు అచ్చేస్తున్నాయి. వాటి మీద పాలకుడి ముఖం, కుచ్చు జుట్టు, వంశచిహ్నం గుండ్రటి అంచు లోపల పొందికగా నిలిచేవి. అక్కడి పనితనమంతా ముఖంలో ఉంటే, బందరు పనితనం రాతలో ఉంది. చక్కదనంలో థాలర్‌దే పైచేయి కావచ్చు. తక్కువ చోటులో ఎక్కువ అక్షరం ఇమిడ్చిన నేర్పులో మాత్రం నా ఓటు బందరు రూపాయికే.

దివిసీమలోనో గుడివాడ వైపో పాత పెట్టెలో ఇలాంటి వెండి బిళ్ల కనబడితే చింతపండుతో తోమకండి, కరిగించకండి. ముందు త్రిశూలం ఉందేమో వెతకండి. మట్టిలో దొరికిన నిధి అయితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.