హెడ్డు విప్పకముందే

కరీంనగర్, వరంగల్‌ల నడుమ ఉన్న హుజూరాబాద్ వంటి పట్టణాల్లో పాత అంబాసిడర్ కారుకు వైద్యం చేయగల మెకానిక్కు నేర్పు, ఇంజన్‌ను విప్పడంలో కంటే విప్పకముందే దాని రోగాన్ని పసిగట్టడంలో ఎక్కువగా కనిపిస్తుంది. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారు 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో, సిలిండర్లుండే బ్లాకుకూ దానిపై బిగించే హెడ్డుకూ మధ్య పరిచే పలుచని పొరే హెడ్ గ్యాస్కెట్; మండే వాయువులు, చల్లబరిచే నీరు, ఆయిల్ ఒకదానిలో ఒకటి కలవకుండా కాపాడేది అదే.

ఇంజన్ వేడెక్కగానే గ్యాస్కెట్ పోయిందనడం తొందరపాటు, ఎందుకంటే రేడియేటర్ పూడుకుపోయినా, థర్మోస్టాట్ పట్టేసినా వేడెక్కుతుంది. అందుకే అనుభవజ్ఞుడు చల్లారిన ఇంజన్ రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, నీటిలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూస్తాడు. ఆయిల్ మూత కింద మీగడలాంటి నురగ కనిపించినా, చలికాలపు తేమ కూడా అలాంటి పొరే కట్టగలదని ఎరిగి, డిప్‌స్టిక్‌పై ఆయిల్‌ను కూడా పరిశీలిస్తాడు.

అసలైన సాక్ష్యం కంప్రెషన్ గేజ్‌ది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ ఒత్తిడి తగ్గితే వాటి నడుమ గ్యాస్కెట్ కాలిందన్న అనుమానం బలపడుతుంది; ఒక్కదానిలోనే తగ్గితే, అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినట్లు, పెరగకపోతే వాల్వునో గ్యాస్కెట్‌నో చూడాలి. ఇంత ఓపికగా తేల్చుకున్నాకే అతడి స్పానర్ హెడ్డు నట్ల మీదికి వెళుతుంది.