ఉప్పు చెప్పిన లెక్క: సి. ఆర్. రావు గ్రంథము, నేటి డేటా ఉద్యోగి

ప్రభుత్వము ఏ పని తలపెట్టినను దానికి ముందు ఒక సంఖ్య కావలెను. ఎందరికి బియ్యము పంపవలెను, ఎన్ని పాఠశాలలు కట్టవలెను, ఎందరు పిల్లలకు టీకాలు వేయవలెను అను ప్రశ్నలకు సమాధానము అంకెల రూపముననే రావలెను. ఈ అంకెలను తయారుచేయు కార్యాలయములలో ఇటీవల ఒక క్రొత్త కొలువు ఏర్పడినది. దానిని డేటా సైంటిస్టు ఉద్యోగమని పిలుచుచున్నారు. బ్రిటనులోని జాతీయ గణాంక కార్యాలయము 2017లో ఇట్టి పనికై ప్రత్యేక శాఖనే నెలకొల్పినది. గణితమును, కంప్యూటరు విద్యను చదివిన యువతీయువకులు గొప్ప నమూనాలు నిర్మింపవచ్చునను ఉత్సాహముతో ఇట్టి కొలువులలో చేరుచున్నారు.

చేరిన తరువాత వారి చేతికి వచ్చునది అందమైన సమీకరణము కాదు. చిందరవందరగా నున్న పట్టిక. ఒక జిల్లావారు ధాన్యమును కిలోలలో వ్రాయగా, ప్రక్క జిల్లావారు క్వింటాళ్లలో వ్రాసియుందురు. ఒకే కుటుంబము రెండుమారులు నమోదై యుండును. వయస్సు గడిలో 999 అని యుండును. అది వయస్సు కాదు, సమాధానము రాలేదనుటకు పెట్టిన గుర్తు. దానిని గమనింపక సగటు కట్టినచో ఊరంతయు శతవృద్ధులతో నిండిపోవును. క్రొత్త ఉద్యోగి దినములో అధికభాగము ఇట్టి వానిని సరిచూచుటలోనే గడచిపోవును.

ఇట్టి ఉద్యోగికి ఏ పుస్తకము తోడ్పడును? కంప్యూటరు భాషలు నేర్పు పుస్తకములకు కొదువ లేదు. కాని అవి పనిముట్లను చూపును. ఆ పనిముట్టుకు లోబడిన అంకె నమ్మదగినదా కాదా అను వివేకమును తక్కువగా చూపును. ఆ వివేకమును ప్రధానముగా బోధించు గ్రంథములలో ఎన్నదగినది కల్యంపూడి రాధాకృష్ణరావు రచించిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’. రామానుజన్ స్మారకోపన్యాసములుగా చేసిన ప్రసంగములు 1989లో పుస్తకరూపము దాల్చినవి. 1997లో రెండవ కూర్పు వెలువడినది. 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన రావు, 1945లో ప్రకటించిన వ్యాసముతోనే లోకప్రసిద్ధుడయ్యెను. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, ఆయన మరణించెను. ఆయన గ్రంథము వెలువడునాటికి ‘డేటా సైంటిస్టు’ అను పేరు వాడుకలోనికి రాలేదు. అయినను ఆ పేరుగల ఉద్యోగమున చేరినవారికి ఈ గ్రంథము ఏమి ఇచ్చును, ఏమి ఈయజాలదు అని విచారించుట నేడు అవసరము.

అంకెలను ప్రశ్నించుట

గ్రంథమునందలి మొదటి గుణము అంకెను సాక్షిగా భావించుట. న్యాయస్థానమున సాక్షి చెప్పిన మాటను వకీలు వెంటనే అంగీకరింపడు. నీవు ఎచట నుంటివి, ఎట్లు చూచితివి, నిన్ననొకమాట చెప్పి నేడింకొకమాట చెప్పుచుంటివేల అని అడుగును. దత్తాంశములను గూడ అట్లే గుచ్చి గుచ్చి అడుగవలెనని రావు బోధించెను. పాఠశాల విద్యార్థులకు పరిచితమైన మెండెల్ బఠాణీల లెక్కలనే తీసికొనవచ్చును. ఆ లెక్కలు సిద్ధాంతమునకు మితిమీరి సరిపోవుచున్నవని ఫిషర్ 1936లో చూపెను. నాణెమును వేయిమారులు ఎగురవేసిన ప్రతిసారియు సరిగా అయిదువందల బొమ్మలే పడినవని ఎవరైన చెప్పినచో నమ్మశక్యమగునా? సరిపోకపోవుట వలెనే అతిగా సరిపోవుటయు అనుమానమునకు కారణమే. క్రొత్త ఉద్యోగి నేర్వవలసిన మొదటి పాఠమిది.

ఈ శోధన ఎంత అవసరమో ఇంగ్లండులో 2020వ సంవత్సరమున తేటతెల్లమైనది. కోవిడ్ సోకినవారి జాబితాలను చేర్చునపుడు ప్రజారోగ్య శాఖవారు పాత రకపు ఎక్సెల్ ఫైలును వాడిరి. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించిన వరుసలు సద్దులేకుండ జారిపోయినవి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు దినవారీ లెక్కలలోనికి రాలేదు. వారిని కలిసికొన్నవారిని వెదకి హెచ్చరించు పనియు ఆలస్యమైనది. ఇందు కఠినమైన గణితమేమియు లేదు. పంపిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని ఒకరు లెక్క సరిచూచినచో చాలియుండెడిది.

అన్నదమ్ములెందరు, అక్కచెల్లెండ్రెందరు?

గ్రంథమునందు ఉపాధ్యాయులకు మిక్కిలి ఉపకరించు భాగము, సేకరించు విధానమునందే దాగియున్న పక్షపాతమును గూర్చినది. ఒక తరగతిలోని మగపిల్లలను, తమ్ము గూడ కలుపుకొని ఇంట మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని అడిగి కూడినచో, మగపిల్లల సంఖ్య సాధారణముగా అధికముగా తేలును. దేశమున ఆడపిల్లలు తగ్గిపోయిరని దీనిని బట్టి తేల్చవచ్చునా?

కారణమును నల్లబల్లమీద చూపవచ్చును. ఇద్దరేసి పిల్లలు గల నాలుగు కుటుంబములను ఊహింపుడు. మొదటి ఇంట ఇద్దరును మగపిల్లలు. రెండవ, మూడవ ఇండ్లలో ఒక్కొక్క మగపిల్లవాడు, ఒక్కొక్క ఆడపిల్ల. నాలుగవ ఇంట ఇద్దరును ఆడపిల్లలు. మొత్తము నలుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. మగపిల్లల బడికి వచ్చువారు నలుగురు. మొదటి ఇంటి పిల్లలిద్దరును తలకొకమారు ‘ఇద్దరు మగ, ఆడ సున్న’ అని చెప్పుదురు. మిగిలిన ఇద్దరును ‘ఒక మగ, ఒక ఆడ’ అందురు. కూడినచో ఆరుగురు మగ, ఇద్దరు ఆడ! నాలుగవ ఇంటినుండి జవాబు చెప్పువాడే లేడు; మొదటి ఇల్లు రెండుమారులు లెక్కకు వచ్చినది. ఇపుడు జవాబు చెప్పిన నలుగురను తీసివేసినచో ఇద్దరు మగ, ఇద్దరు ఆడ మిగులుదురు. వంకర ఎట్లు వచ్చినదో తెలిసినచో దానిని సరిదిద్దు మార్గమును తెలియును.

ఈ పాఠము నేటికి పాతబడలేదు సరికదా, మరింత పదునెక్కినది. అమెరికాలో 2021 మే నెలలో టీకా మొదటి మోతాదు తీసికొన్న పెద్దలెందరో అంచనా వేయుటకు మూడు సర్వేలు జరిగినవి. ఫేస్‌బుక్ ద్వారా వారమునకు రమారమి రెండున్నర లక్షల మంది జవాబులు వచ్చినవి. జనగణన శాఖవారి సర్వేలో రెండు వారములకు 75 వేల జవాబులు వచ్చినవి. వేయిమందిని మాత్రమే అడిగినది మూడవ సర్వే. టీకాల అసలు నమోదులతో పోల్చగా మొదటిది 17 శాతపు పాయింట్లు, రెండవది 14 శాతపు పాయింట్లు ఎక్కువ చూపినట్లు తేలినది. వేయిమంది సర్వేయే సత్యమునకు దగ్గరగా నుండెను. జవాబు చెప్పుటకు ముందుకు వచ్చినవారికిని, రానివారికిని గల భేదము రాశి పెరిగినంత మాత్రమున తొలగదు. కుండెడు అన్నమునకు నాలుగు మెతుకులు చాలును. కాని బాగుగా కలియబెట్టిన కుండనుండి తీసిన మెతుకులు కావలెను. పైపై అన్నమును గంపెడు తీసినను అడుగున మాడినది తెలియదు.

ఉప్పు చూపిన దారి

గ్రంథమంతటిలో ఎక్కువగా చెప్పుకొను కథ ఎర్రకోటను గూర్చినది. 1947లో ఢిల్లీలో మతకలహములు చెలరేగినపుడు ఒక అల్పసంఖ్యాక వర్గమువారు పెద్దసంఖ్యలో ఎర్రకోటలో తలదాచుకొనిరి. వారికి భోజనము పెట్టు భారము ప్రభుత్వముపై బడెను. లోపల ఎందరున్నారో ఎవరికిని తెలియదు. కంట్రాక్టర్లు బియ్యము, పప్పు, ఉప్పు ఇంతింత సరఫరా చేసితిమని బిల్లులు పెట్టుచుండిరి. లోనికి పోయి తలలు లెక్కించు వీలు లేదు. భారతీయ గణాంక సంస్థకు చెందిన జె. ఎం. సేన్‌గుప్తాకు ఒక యోచన తట్టెను. మనిషి దినమునకు సగటున ఎంత బియ్యము, ఎంత పప్పు, ఎంత ఉప్పు తినునో వినియోగ సర్వేలవలన తెలిసియున్నది. బిల్లులోని మొత్తమును తలసరి వాడుకతో భాగించిన జనసంఖ్య వచ్చును. బిల్లులు నిజమైనచో మూడు వస్తువులును ఒకే సంఖ్యను చెప్పవలెను.

ఉదాహరణకు తలసరి బియ్యము 400 గ్రాములు, పప్పు 50 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు అనుకొనుడు. బిల్లులో 8,000 కిలోల బియ్యము, 750 కిలోల పప్పు, 100 కిలోల ఉప్పు ఉన్నచో బియ్యము 20,000 మంది అనును, పప్పు 15,000 అనును, ఉప్పు 10,000 అనును. ఎవరిమాట నమ్మవలెను? బియ్యము వెలగలది, ఎక్కువ వ్రాసినచో లాభము. ఉప్పు చౌక, దానిని పెంచి వ్రాసినను మిగులునది స్వల్పము. కనుక ఉప్పు సాక్ష్యమే గ్రాహ్యము. నిజముగా ఎర్రకోట లెక్కలోను ఉప్పు చెప్పినదే తక్కువ సంఖ్య, బియ్యము చెప్పినది ఎక్కువ సంఖ్య. జనసంఖ్య రమారమిగా తెలిసిన హుమాయూన్ సమాధి శిబిరమున ఈ పద్ధతిని పరీక్షింపగా ఫలితము సంతృప్తికరముగా నుండెను.

ఈ కథను మెచ్చుకొననివారుండరు. అయినను విమర్శకుడు అడుగవలసినది అచ్చటనే కలదు. ప్రాణభయముతో కోటలో చేరినవారు ఇంటివద్ద తినినట్లే తినుచుండిరా? ఉప్పును కొందరు వెంట తెచ్చుకొనినచో అంచనా తగ్గిపోదా? కంట్రాక్టరు ఉప్పును గూడ కొంచెము పెంచినచో అంచనా హెచ్చదా? కథగా చదువునపుడు పాఠకుని మనస్సున నిలుచునది జవాబు. ఆ జవాబు ఎంత అటునిటు కావచ్చునను ప్రశ్న నిలువదు. అంచనా హెచ్చినచో ఖజానాకు నష్టము. తగ్గినచో కోటలోని పిల్లలకు పస్తు. ఈ రెండు నష్టములును సమానములు కావు. హుమాయూన్ సమాధి పరీక్షను చమత్కారమునకు అనుబంధముగా కాక, కథకు ప్రాణముగా చదువవలెను.

గ్రంథము ఈయజాలనిది

రావు గ్రంథమునందలి ఉదాహరణములు చాలవరకు మేధావులు విడదీసిన చిక్కుముడులు. చిన్న ఉద్యోగికి ఎదురగు చిక్కు అట్టిది కాదు. కొన్నిమారులు అంకెలను ఎంత ప్రశ్నించినను అవి తప్పును బయటపెట్టవు. ఏలయన తప్పు అంకెలలో కాక అడిగిన ప్రశ్నలో నుండును. మనదేశపు జాతీయ నమూనా సర్వే 1999-2000లో ఆహార వ్యయమును గూర్చి గడచిన 7 దినముల ఖర్చును, 30 దినముల ఖర్చును ఒకే పట్టికలో ప్రక్కప్రక్కనే అడిగినది. ఒకదానికి సరిపోవునట్లు రెండవది చెప్పియుందురని, అందువలన నెల ఖర్చు హెచ్చుగా నమోదై యుండునని విమర్శకులు తెలిపిరి. పేదల శాతము 1993-94లో 36 కాగా, ఈ సర్వే ప్రకారము 26కు దిగినట్లు తేలెను. 30 దినముల పాతపద్ధతికి మరలి 2004-05లో కట్టిన లెక్కలో అది 27.5గా నుండెను. ప్రశ్నావళిని తెరచి చూడని ఉద్యోగి, ఈ మూడు అంకెలను ఒక గీతతో కలిపి, పేదరికము మొదట వేగముగా తగ్గి పిదప పెరిగినదని తేల్చును. కంప్యూటరు ఆ గీతను అందముగానే గీయును.

రెండవ లోటు మరింత ముఖ్యమైనది. అనుమానించుట ఎట్లో గ్రంథము నేర్పును. అనుమానము కలిగిన చిన్న ఉద్యోగి ఏమి చేయవలెనో చెప్పదు. ప్రభుత్వ కార్యాలయమున అంకెకు గడువు ఉండును, పై అధికారి ఉండును, ఎదురుచూచు శాఖ ఉండును. ‘ఈ మండలము లెక్కలో సగము ఇండ్లు జవాబీయలేదు’ అను వాక్యమును పట్టిక క్రింద చేర్చుటకు సమీకరణముకన్న ధైర్యము ఎక్కువ కావలెను. ప్రసంగములనుండి పుట్టిన గ్రంథమునందు కార్యాలయ విధులను వెదకుట న్యాయము కాదనవచ్చును. కాని సత్యమను మాటను శీర్షికలో ధరించిన గ్రంథమునకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఐక్యరాజ్య సమితి గణాంక సంఘము 1994లో అంగీకరింపగా, సర్వసభ్య సభ 2014లో ఆమోదించిన అధికార గణాంకముల మూలసూత్రములలో, మూలములను, పద్ధతులను ప్రజలకు తెలుపుట ఒకటిగా చేర్చబడినది. ఆ సూత్రము నిలుచునది ప్రకటనలవలన కాదు. పట్టిక క్రింద గమనిక వ్రాయు క్రొత్త ఉద్యోగివలన, దానిని కొట్టివేయని పై అధికారివలన.

కావున ఈ గ్రంథము డేటా ఉద్యోగికి మొదటి పుస్తకముగా మిక్కిలి తగియున్నది. చివరి పుస్తకముగా చాలదు. ఉపాధ్యాయులు దీనినుండి అన్నదమ్ముల లెక్కను తరగతిలో చేయింపవచ్చును. అయితే ఫలితమును వ్రాయించి ఊరకుండరాదు. ఎవరిని అడిగితిమి, ఎవరు ఆనాడు బడికి రాలేదు, ఎవరి జవాబు అర్థము కాలేదు, ఏది సరిదిద్దితిమి అని నాలుగు పంక్తులు దాని క్రింద విద్యార్థులచేతనే వ్రాయింపవలెను. ఆ నాలుగు పంక్తులు వ్రాయు అలవాటు పదునాలుగేండ్లకే అబ్బిన పిల్లవాడు, రేపు ఏ కార్యాలయమున చేరినను, అంకెతోపాటు దాని హద్దును గూడ చెప్పగలడు.