తెగిందా? కోశారా?

వంటల శీర్షికల మీద నాకో ఫిర్యాదుంది. ఈ మధ్య ఏది చదివినా, ఎవరు చెబుతుంటే విన్నా, "ఉల్లిపాయలు కట్ చేసి పక్కన పెట్టుకోవాలి, బెండకాయలు కట్ చేసి పక్కన పెట్టుకోవాలి, కొత్తిమీర కట్ చేసి..." అంతా కట్టే! పక్కన పెట్టుకున్నవాటిని మళ్ళీ ఎప్పుడు ఇవతలకి తీసుకోవాలో చెప్పడం మరిచిపోతారు, అది వేరే సంగతి.

పెద్దదాని చాదస్తమని కొట్టిపారెయ్యకండి. మా కోడలు కాపురానికొచ్చిన కొత్తలో, నేను ఊళ్ళో లేనప్పుడు, ఏదో వంటల పుస్తకం చూసి గుత్తివంకాయ మొదలుపెట్టింది. "వంకాయలు నాలుగు భాగాలుగా కట్ చేసుకోవాలి" అని ఉందట అందులో. పిల్ల అక్షరాలా అలాగే చేసింది. ముక్కలు ఒక పక్క, తొడిమలు ఒక పక్క! కారం అంతా మూకుట్లో తేలుతుంటే, "అత్తయ్యా, ఇందులో గుత్తి ఎక్కడుంటుంది?" అని ఫోన్ చేసింది. తప్పు ఆ పిల్లది కాదండీ. "తొడిమ ఊడకుండా గాట్లు పెట్టుకోవాలి" అని ఒక్క ముక్క రాయలేకపోయినవారిది.

మన వంటింట్లో ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కూర తరుగుతాం. మామిడిపండు కోస్తాం. దోసకాయకి చెక్కు తీస్తాం. కొబ్బరి కోరుతాం. చిక్కుడుకాయ ఈనె తీసి తుంచుతాం. కరివేపాకు దూస్తాం. ఆవకాయ రోజున మాత్రం "కాయ కోశారా?" అని ఎవరూ అడగరు. "కాయ కొట్టారా?" అనే అడుగుతారు. టెంక తెగాలంటే దెబ్బ పడాలి కదా! ఏ పనిముట్టు, ఎంత బలం, ఎలాంటి ముక్క - అన్నీ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి.

"ఇంగ్లీషులో అన్ని మాటలు లేవు కాబట్టి మనమూ అలా అంటున్నామేమో" అని చాలాకాలం అనుకున్నాను. ఏడో తరగతి చదివే మా మనవరాలు ఆ భ్రమ పోగొట్టింది. ఓ సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, చాప్, స్లైస్, స్లిట్, స్లాష్, హ్యాక్, గ్యాష్ - అన్నీ కట్టే కదా, మళ్ళీ తేడాలు రాయమంటారేమిటి?" అంది. ఇద్దరం కూర్చున్నాం. కూర్చున్నాక తెలిసింది, కట్ అన్నది ఇంటిపేరు లాంటిదని. ఆ ఇంట్లో ఎవరి పేరు వాళ్ళకుంది.

చాప్ అంటే కత్తి పైనించి దెబ్బలా పడాలి, మన ఆవకాయ కొట్టినట్టు. స్లైస్ అంటే రొట్టెలా పల్చగా, రేకులుగా కొయ్యడం. డైస్ అంటే పాచికల్లా చదరంగా తరగడం. ఆ మాటకి అర్థమే పాచికలు. నిక్ అంటే గీత పడీ పడనంత గాటు, మగవాళ్ళు గడ్డం గీసుకుంటూ పెట్టుకుంటారే, అది. స్లిట్ అంటే సన్నగా, పొడుగ్గా, కావాలని పెట్టిన గాటు. చూశారా, మన గుత్తివంకాయ ఇక్కడ దొరికింది! స్లాష్ అంటే చెయ్యి విసిరి ఒక్క వేటుకి ఈ చివరినించి ఆ చివరికి చీరెయ్యడం. బట్టల కొట్లవాళ్ళు ధరల్ని చేసేదీ అదే, చేశామని చెప్పేదీ అదే. హ్యాక్ అంటే ఒక పద్ధతీ పాడూ లేకుండా దెబ్బ మీద దెబ్బ వేసి నరకడం. గ్యాష్ అంటే లోతుగా దిగి నోరు తెరుచుకున్న గాయం. ఇక టేర్, రిప్ అనేవాటికి కత్తితో పనే లేదు; చీర కొంగు మేకుకి పట్టుకుంటే చాలు.

అంటే ఆ గంపెడు మాటల్లోంచి మనం ఒక్క కట్‌ని అరువు తెచ్చుకుని, దానికోసం మన గంపెడు మాటల్నీ అటకెక్కించామన్నమాట. ఇదేం బేరమో మీరే చెప్పండి!

మన అనువాదకులకీ ఇదే జబ్బు. ఇంగ్లీషులోంచి వచ్చిన అపరాధ పరిశోధన నవలలంటే నాకు చెడ్డ ఇష్టం. కాని వాటిలో హంతకుడు స్లాష్ చేసినా, స్లిట్ చేసినా, హ్యాక్ చేసినా తెలుగులో "కత్తితో తీవ్రంగా గాయపరిచాడు" అవుతుంది. నిఘంటువులు కూడా ప్రతి మాటకీ "కోయు, నరుకు, గాయపరచు" అని అవే మూడింటిని తిప్పి తిప్పి వడ్డిస్తాయి. విసిరిన వేటులో కోపం ఉంటుంది. సన్నని గాటులో నింపాదితనం ఉంటుంది. నరుకుడులో ఒళ్ళు తెలియని ఉన్మాదం ఉంటుంది. డిటెక్టివు వెతికేది ఆ తేడానే. దాన్ని అనువాదకుడే చెరిపేస్తే పాపం అతనేం పట్టుకుంటాడు?

మాటకి మాట పెట్టేసినా ప్రమాదమే సుమండీ. "ఐ కట్ మై ఫింగర్" అంటాడు ఇంగ్లీషువాడు. "నేను నా వేలు కోసుకున్నాను" అని తెలుగు చేస్తే, ఏం కష్టమొచ్చిందో పాపం అని కంగారుపడతాం. మనం అనేది "వేలు తెగింది" అని. ఎవరూ తెంపలేదు, దానంతటదే తెగింది! ఎవరినీ తప్పు పట్టని ఈ మాట ఎంత మర్యాదైనదో అని మురిసిపోయేదాన్ని. ఒక రాత్రి దాకా.

ఆ రాత్రి మా పక్కవాటా అమ్మాయి కొంగు నుదుటికి అదుముకుని తలుపు తట్టింది. కనుబొమ పైన రక్తం. "కత్తిపీట మీద పడ్డాను పిన్నిగారూ, తెగింది" అంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అడిగితే ఆ పిల్ల నోరు విప్పకముందే నేనే అందుకుని, "కత్తిపీట తగిలి తెగిందండీ" అన్నాను.

ఆవిడ దీపం దగ్గరకి జరిపి, భూతద్దం పెట్టి చూసింది. "తెగలేదమ్మా, చిట్లింది" అంది మెల్లిగా. పదునైనది తగిలితే అంచులు నున్నగా తెగుతాయట. మొద్దుది తగిలితే చర్మం నలిగి చిట్లుతుందట, అంచులు చిందరవందరగా ఉంటాయట, లోపల సన్నని పోగులు తెగకుండా మిగిలిపోతాయట. కింద ఎముక ఉన్నచోట మాత్రం చిట్లినదీ పైకి కత్తిగాటులాగే కనిపిస్తుందట. డాక్టర్లు మొదటిదాన్ని ఇన్‌సైజ్డ్ అంటారు, రెండోదాన్ని లాసరేషన్ అంటారు. "ఏం తగిలింది?" అని మళ్ళీ అడిగింది. ఆ అమ్మాయి చాలాసేపు నేలచూపులు చూసి, "చెంబు విసిరారండీ" అంది.

"విసిరారు" అంది చూశారూ! అప్పుడు కూడా మర్యాద తప్పలేదు.

డాక్టరమ్మ చీటీలో లాసరేషన్ అని రాసింది. తరవాత ఆ అమ్మాయి అన్నగారొచ్చి పెద్దల్లో కూర్చోబెట్టినప్పుడు, "తనే కత్తిపీట మీద పడింది" అన్న మాట ఆ ఒక్క ముక్క వల్లే చెల్లలేదు. నా సాక్ష్యం మీద ఆధారపడి ఉంటే మాత్రం చెల్లిపోయేది. నిజాన్ని "తెగింది" కింద దాచిపెట్టడంలో నేనూ ఒక చెయ్యి వేశాను మరి.

మా మనవరాలు హోంవర్కులో తరవాతి పేజీ హర్ట్, ఇంజురీ, డ్యామేజి. ఇప్పటి పిల్లలు చిన్న మాటకే "హర్టయ్యాను" అంటారు. చట్టంలో హర్ట్ అంటే ఒంటికి కలిగే బాధో, జబ్బో, బలహీనతో. 1860 నాటి శిక్షాస్మృతిలో పన్ను విరిగితే తీవ్రమైన హర్ట్. 20 రోజులు విపరీతమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అంతే. 2024 జూలై 1 నించి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ 20 రోజుల్ని 15 చేసింది. డ్యామేజి వస్తువులకి జరిగే నష్టం. దాని పుట్టుక లాటిన్‌లో నష్టం అనే మాటే. ఇక ఇంజురీ లాటిన్ మూలానికి అర్థం ఏమిటో తెలుసా? న్యాయానికి విరుద్ధమైనది. అంటే అన్యాయం! మన నిఘంటువులు దానికి "గాయము, దెబ్బ" అని రాసి ఊరుకుంటాయి. పక్కవాటా అమ్మాయి నుదుటి మీద ఉన్నది దెబ్బేనంటారా?

అందుకని, వంకాయ దగ్గర మొదలైన నా ఫిర్యాదు అక్కడితో ఆగలేదు. ఎవరైనా "చెయ్యి తెగింది" అంటే, "అయ్యో" అని పసుపు అద్దడంతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగడం నేర్చుకున్నాను - "తెగిందా అమ్మా, ఎవరైనా కోశారా?" అని.

నూటికి తొంభైసార్లు నవ్వి, "కత్తిపీటేనండీ" అంటారు. మిగతా పదిమంది కోసమే ఈ గొడవంతా.