ఊరూ పేరూ పోగొట్టుకొన్న కళ

ఒకప్పుడు ఒక అరుదైన పద్యమో, చిత్రమో, కీర్తనమో సహృదయుని కంట పడవలెనంటే గ్రంథాలయపు బీరువా తెరవవలసి వచ్చేది. లేదా తెలిసిన పెద్దల గడప తొక్కవలసి వచ్చేది. నేడు అదే వస్తువు వాట్సాప్ ద్వారానో, ఫేస్‌బుక్ ద్వారానో, యూట్యూబ్ ద్వారానో కూర్చున్న చోటికే వచ్చి చేరుతున్నది. హైదరాబాదులో ఒకరు చూచి మెచ్చుకొన్న బొమ్మ గంట తిరగకముందే అమెరికాలోని తెలుగు ఇంటిలో కనిపిస్తున్నది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని ఈ ప్రయాణంలో వస్తువుతోబాటు రావలసినది ఒకటి తరచుగా దారిలో జారిపోతున్నది. అది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి చేతిమీదుగా వచ్చినది అన్న ఎరుకయే ఆ జారిపోతున్నది. మంచిని కనుగొని నలుగురికి పంచడం కూడ ఒక సాహిత్యకృషి. దానికి కొన్ని నియమాలున్నవి. ఆ నియమాలు తెలుగువారికి కొత్తవి కావు.

సి. పి. బ్రౌన్‌కు (1798-1884) వేమన ప్రస్తావన మొదట తగిలినది ఫ్రెంచి మతగురువు దుబ్వా రచించిన గ్రంథంలో. నేడు అంతర్జాలంలో ఒక విశేషం కంట పడడం వంటిదే ఆ సంఘటన. ఆ విశేషాన్ని చూచి ఆయన సంతోషించి ఊరకుండలేదు. వ్రాతప్రతులు తెప్పించినాడు; పండితులకు, వ్రాయసగాండ్రకు జీతాలిచ్చి వాటికి శుద్ధప్రతులు వ్రాయించినాడు; పాఠాంతరాలు పోల్పించినాడు. అటు తర్వాతనే 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించినాడు. ఆయన ఎంపికను, అర్థవివరణను నేటి విమర్శకులు అన్నివేళల ఆమోదించకపోవచ్చును. కాని ఆ పద్యాలు ఏ ప్రతుల నుంచి వచ్చినవో వెదకదలచిన వానికి దారి మిగిలి ఉన్నది. కాదనడానికైనా ఒక ఆధారం ఉన్నది. పంచినవాడు చేసిన ఉపకారమంతా అక్కడ ఉన్నది.

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888-1950) 'చాటుపద్యమణిమంజరి' కూర్చునప్పుడు ఎదుర్కొన్నది ఇంతకంటె కఠినమైన సమస్య. చాటువు పుట్టుకతోనే దేశద్రిమ్మరి. నోటి నుంచి నోటికి తిరుగుతూ అది ప్రసిద్ధుల పేర్లను తనకు తగిలించుకొంటుంది. చమత్కారమైన పద్యమైతే తెనాలి రామకృష్ణునిదనడం, భోగలాలస తొంగిచూస్తే శ్రీనాథునిదనడం లోకానికి అలవాటు. కనుక ప్రసిద్ధుని పేరు పెట్టి అనామకుల రచనను ప్రచారం చేయడం అంతర్జాలం పుట్టించిన దోషం కాదు. అంతర్జాలం దానికి వేగాన్ని మాత్రం ఇచ్చినది. పూర్వం ఒక తప్పు ఊరు దాటడానికి ఒక తరం పట్టేది. ఆ లోపల తెలిసినవాడొకడు అడ్డు తగిలే అవకాశం ఉండేది. ఇప్పుడు దిద్దుబాటు బయలుదేరేసరికి తప్పు లోకమంతా చుట్టి వచ్చి ఇంట్లో కూర్చుంటున్నది.

ఈ నష్టం ఎంత సూక్ష్మంగా జరుగుతున్నదో అన్నమయ్య సంకీర్తనల విషయంలో స్పష్టంగా చూడవచ్చును. తిరుమల ఆలయంలో శతాబ్దాలపాటు మరుగున పడిన రాగిరేకులు ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో వెలుగులోకి వచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల పరిష్కరణతో గ్రంథరూపం ధరించినవి. ఆ రేకులమీద సామాన్యంగా రాగం పేరు ఉన్నది. పాడవలసిన స్వరం లేదు. కనుక నేడు వినిపించే వరుసలలో అధికభాగం ఇటీవలివారి సృష్టి. రాళ్లపల్లి (1893-1979) అనేక సంకీర్తనలను స్వరపరచినాడు. నేదునూరి కృష్ణమూర్తి (1927-2014), గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ (1948-2025) వంటి గాయకులు ఆ కృషిని విస్తరింపజేసినారు.

అంతర్జాలంలో చేతులు మారే సంకీర్తన కింద అన్నమయ్య పేరు ఉంటుంది. పాడినవారి పేరు కొన్నివేళల ఉంటుంది. వరుస కట్టినవారి పేరు చాలమారులు ఉండదు. వినేవాడు పదిహేనవ శతాబ్దపు గానాన్నే వింటున్నానని భ్రమపడతాడు. పోనీ, సాహిత్యమైనా నిశ్చయమా? రాగిరేకులలో అన్నమయ్య రచనలతోబాటు ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులవి, మనుమడు చినతిరుమలాచార్యులవి కూడ ఉన్నవి. వేంకటేశముద్ర వారందరికి సొమ్ము. ముద్రను చూచి కవిని నిర్ణయించడం సాధ్యం కాదు. ఏ రేకు, ఏ సంపుటం అన్నది తెలియాలి. ఆ ఒక్క పంక్తిని వదలివేసినందువల్ల ఒక కుటుంబంలోని మూడు తరాల ప్రతిభ ఒకే పేరులో కలిసిపోతున్నది. నిన్నమొన్నటి స్వరకర్త కృషి అనామకమవుతున్నది. ఇదంతా ద్వేషంతో జరుగుతున్నది కాదు, భక్తితోనే జరుగుతున్నది. అందువల్లనే దీనిని దోషమని ఎవరూ గుర్తించడం లేదు.

చిత్రకళకు జరుగుతున్నది మరింత ప్రత్యక్షమైన హాని. వడ్డాది పాపయ్య (1921-1992) 'చందమామ', 'యువ' పత్రికల ముఖచిత్రాలకు వేసిన వర్ణచిత్రాల మూలను 'వ.పా.' అన్న రెండక్షరాలు ఉండేవి. ఫోను తెరకు సరిపడేటట్లు బొమ్మను కత్తిరించినప్పుడు మొదట పోయేది ఆ మూలయే. బాపు (1933-2014) గీత సంతకం లేకున్నా పోల్చుకోదగినది కనుక ఆయన కొంత బతికిపోయినాడు. కాని ఆయనను అనుకరించినవారి బొమ్మలు కూడ ఆయన ఖాతాలోనే పడుతున్నవి. శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని బొమ్మ ఎరుగని తెలుగు పాఠకుడు అరుదు. దానిని వేసిన శంకర్ (1924-2020) పేరు ఎరిగినవారు అందులో ఎందరు?

ఇట్లని అంతర్జాలాన్ని నిందించడం న్యాయం కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ప్రోద్బలంతో సాగిన పదిలక్షల పుస్తకాల పథకం, దానితో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలకు ఛాయాప్రతులు తీసినవి. శిథిలమవుతున్న పుస్తకాలు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరికైనా అందుతున్నవి. అయితే ఆ గ్రంథాల పేర్లు పలుచోట్ల రోమను లిపిలో తప్పులతడకగా నమోదైనవి. పుస్తకం ఉండి కూడ వెదకినవానికి దొరకదు. పేరు చెడినందువల్ల ఒక గ్రంథమే అదృశ్యం కాగలదనడానికి ఇది మంచి నిదర్శనం. తెలుగు వికీపీడియాలోని స్వచ్ఛంద సేవకులు కూర్చున్న పట్టికలు ఆ లోటును కొంత తీర్చినవి. తెలుగు వికీసోర్సులో పుటఛాయ పక్కనే దాని పాఠాన్ని ఉంచి, ఒకరు దిద్దినదానిని మరొకరు సరిచూచి ఆమోదించే పద్ధతి ఉన్నది. బ్రౌన్ పండితులకు జీతమిచ్చి చేయించిన పనిని అక్కడ ఎవరూ జీతం అడగకుండ చేస్తున్నారు. వేగం, జాగ్రత్త ఒక ఒరలో ఇమడవన్న వాదానికి ఇదే సమాధానం.

జానపదగేయానికి కర్త ఎవడు, పేర్ల కోసం ఇంత పట్టుదల ఎందుకు అని కొందరు అడగవచ్చును. దంపుళ్ల పాటకు కర్త పేరు లేదు, నిజమే. కాని దానిని పాడిన మనిషి ఉన్నది, పాడిన ఊరు ఉన్నది, పాడిన సందర్భం ఉన్నది. బిరుదురాజు రామరాజు (1925-2010) వంటివారు ఆ పాటలను పరిశోధనకు తెచ్చినప్పుడు వాటిని జనజీవితంతో ముడిపెట్టి చూపినారు. ఆ ముడి విప్పి పాటను మాత్రం తీసుకొంటే మిగిలేది వినసొంపు. అది కూడ రసమే. కాని అది పాటలోని సగం.

రచయితలకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఇతరుల రచన చదివి, మెచ్చి, పదిమందికి పంపేవారిలో ముందున్నవారు వారే. రేపు వారి పద్యం, వారి కథలోని వాక్యం కూడ ఇదే దారిన పోవలసి ఉన్నది. కర్త పేరు, దొరికిన చోటు, తెలిసినంతవరకు సంవత్సరం, తాను చేసిన మార్పు ఉంటే ఆ సంగతి, ఇవి వ్రాయడానికి రెండు పంక్తులు చాలును. తెలియనప్పుడు తెలియదని వ్రాసినా అది సేవయే. మరొకరికి వెదకవలసిన పని అక్కడ కనబడుతుంది. బ్రౌన్‌కు, ప్రభాకరశాస్త్రికి ఏళ్లు పట్టిన శ్రమలో నేడు పంచేవానికి మిగిలినది ఈ రెండు పంక్తులే. వాటిని కూడ బరువని వదలినవాడు తాను మెచ్చిన కళను గౌరవించినట్లు కాదు.