‘తటస్థం’ అనే మాట: విమానయాన పర్యావరణ విధానాలపై విమర్శనాత్మక పరిశీలన

1996 మార్చి 8న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన 111వ నంబరు జీవో కేవలం పాలనా పత్రం కాదు. హద్దును ఎలా గీయాలో చెప్పిన పాఠ్యం కూడా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది. లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని ఖాళీ జాగాకు, రోడ్లకు వదలాలన్నది. పలు మండలాలలోని 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. చిన్న మంగళారం ఉన్న మొయినాబాద్ మండలం వాటిలో ఒకటి, విమానాశ్రయం వెలసిన శంషాబాద్ మండలం మరొకటి. ఆంక్షల బరువు రైతుపైనే ఎక్కువగా పడిందన్నది కాదనలేనిది. జీవో అమలులో ఉండగానే మొయినాబాద్ దారిలో ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. రైతు భూమి ధర మాత్రం చాలాకాలం అణగిపోయే ఉంది. ఇన్ని లోపాలున్నా ఆ పత్రం హద్దును పట్టాదారు పేరును బట్టి గీయలేదు, నీటిని బట్టి గీసింది. మలినం ఎక్కడ పుట్టిందన్న దానితో పాటు ఎక్కడికి చేరుతుందన్నదీ అందులో లెక్కకు వచ్చింది.

చిన్న మంగళారానికి ఆగ్నేయ దిశలో ఉన్న శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభించింది. దాని టెర్మినల్‌కు లీడ్ రజత శ్రేణి గుర్తింపు లభించింది. సౌర విద్యుత్ కేంద్రం ఏర్పడింది. విమానాశ్రయాల అంతర్జాతీయ మండలి ఇచ్చే కర్బన గుర్తింపులలో ‘తటస్థత’ను సూచించే ‘మూడు ప్లస్’ స్థాయిని కూడా అది అందుకుంది. వీటిని తేలిక చేయవలసిన పనిలేదు. విమర్శకు ఆస్కారమిచ్చేది ‘తటస్థం’ అన్న మాట. ఆ స్థాయిలో తటస్థం చేసేది విమానాశ్రయ నిర్వాహక సంస్థ వాడే ఇంధనం, విద్యుత్తు, సిబ్బంది అధికారిక ప్రయాణాల తాలూకు ఉద్గారాలను మాత్రమే. విమానాలు దిగేటప్పుడు, లేచేటప్పుడు దాదాపు 3,000 అడుగుల ఎత్తు వరకు విడిచే పొగను లెక్క రాసుకుంటారు కాని ఆ ఖాతాలో రద్దు చేయరు. ఆపై ఎత్తున కాలే ఇంధనం ఆ స్థాయి లెక్కలోకే రాదు. నాలుగవ స్థాయి మొదలుకొని పూర్తి ప్రయాణపు ఉద్గారాలను లెక్కించమంటారు, తటస్థం చేయమనరు. తెలుగులో ‘తటస్థుడు’ అంటే తటం మీద, అనగా ఒడ్డున, నిలిచినవాడు; ప్రవాహంలో దిగనివాడు. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఈ అనువాదం మూలం కన్నా నిజాయితీగా ఉంది. ఇక్కడ హద్దు ప్రహరీగోడ దగ్గరే ఆగింది.

గోడ దాటిన పొగ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు విధానాలు ఇచ్చే సమాధానం మరింత పలుచన. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016లో ఆమోదించిన ‘కోర్సియా’ పథకం దేశాల మధ్య తిరిగే విమానాలకే వర్తిస్తుంది. అదీ ఉద్గారాలన్నింటికీ కాదు, 2019 నాటి స్థాయిలో 85 శాతానికి మించిన భాగానికి. భారతదేశం 2027 నుండి అందులో పాల్గొంటుంది. సుస్థిర విమాన ఇంధనం విషయంలో మన దేశం ప్రకటించిన లక్ష్యాలు (2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం) కూడా అంతర్జాతీయ ప్రయాణాలకు ఉద్దేశించినవే. హైదరాబాదు నుండి విజయవాడకో తిరుపతికో వెళ్లే విమానం ఈ రెండింటిలోనూ కనబడదు. పైగా ‘ఉడాన్’ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన కడప – హైదరాబాదు వంటి స్వల్పదూర ప్రయాణాలకు ప్రభుత్వమే లోటు భర్తీ చేసింది, ఇంధనంపై పన్ను తగ్గించింది. రైలు లేని కొండ ప్రాంతానికి ఈ రాయితీ న్యాయమే. రైలుమార్గం ఉన్న కడపకు కూడా అదే తర్కాన్ని వర్తింపజేయడంలో పర్యావరణ దృష్టి ఏదీ లేదు. ఫ్రాన్స్ రెండున్నర గంటలలోపు రైలులో చేరగల కొన్ని మార్గాలలో దేశీయ విమానాలను 2023లో నిషేధించింది. నిషేధం తాకిన మార్గాలు అతి స్వల్పమన్న ఆక్షేపణ సరైనదే. కాని రైలును, విమానాన్ని ఒకే తక్కెడలో పెట్టి చూసిన చట్టం అది. మన విధాన పత్రాలలో ఆ తక్కెడ లేదు.

ఈ ప్రాంతపు న్యాయచరిత్రలోనే ఇందుకు తగిన ప్రమాణం దొరుకుతుంది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల కర్మాగారం విషయమై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, ఎం.వి. నాయుడుకు మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా చర్చించింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన ఆ తీర్పు ప్రకారం, హాని జరగదని నిరూపించవలసిన భారం ఉన్న స్థితిని మార్చదలచినవారిదే. 2000లో ఆ కర్మాగారానికి అనుమతి నిరాకరణే నిలిచింది. విమానయానంలో ఈ భారం తలకిందులైంది. కర్బన పరిహార పత్రం కొంటే చాలు, ఎక్కడో నాటిన చెట్టు నిజంగా నిలిచిందా అన్న సందేహాన్ని నిరూపించే పని విమర్శకుడి మీద పడుతుంది. ఎత్తున ఏర్పడే ఘనీభవన ధూమరేఖలు కూడా భూమిని వేడెక్కిస్తాయని వాతావరణ శాస్త్రజ్ఞులు 1999 నాటికే హెచ్చరించినా, వాటికి సంబంధించి ‘కోర్సియా’లో ఏ బాధ్యతా లేదు.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు జీవో ద్వారా 111లోని ఆంక్షలను ఎత్తివేసింది. రాజధాని ఇప్పుడు ప్రధానంగా ఈ రెండు జలాశయాల మీద ఆధారపడటం లేదన్నది అందుకు చెప్పిన ముఖ్య కారణం. నగరపు నీటిలో వాటి వాటా స్వల్పమన్న ఈ వాదన చదివినప్పుడు, ప్రపంచ బొగ్గుపులుసు వాయువులో తమ వాటా రెండున్నర శాతమే అనే విమానయాన రంగపు వాదన గుర్తుకు రాక మానదు. రెండు చోట్లా శాతం చిన్నదే. ఒకచోట దాని పేరు చెప్పి ఉన్న హద్దును చెరిపారు, మరొకచోట హద్దు గీయడమే వాయిదా వేస్తున్నారు.