చెక్కుబందీలో తాతలు

ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలో వెల్లిచందై అనే ఊరుంది. తమిళంలో వెళ్ళి అంటే శుక్రవారం, చందై అంటే సంత. శుక్రవారం సంత జరిగిన చోటని ఊరి పేరే చెబుతుంది. ఇలాంటి పల్లెల్లో తెలుగువాళ్ళ పేర్ల ముందు ఇంటిపేరుండదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఇంటిపేరు బయటికొచ్చేది సంబంధాలు కలుపుకునేటప్పుడే. దాన్ని పట్టుకుని పూర్వీకుల కోసం కచేరీలో వెతికితే కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. సర్కారుకు మన వంశంతో పనేముంది, కావలసింది శిస్తు. కనక నేలను పట్టుకుని వెనక్కి నడవాలి.

ముందు అటక మీది పెట్టె దించండి. పాత దస్తావేజుల్లో అందరూ చదవకుండా దాటేసే భాగం చెక్కుబందీ: తూర్పున ఫలానావాడి చేను, దక్షిణాన వంక, పడమట ఫలానావాడి కొడుకు చేను. అన్నదమ్ములు పంచుకున్న నేల కాబట్టి హద్దుల్లో ఉన్నవాళ్ళు తరచుగా దాయాదులే. ఇంట్లో ఎవరికీ గుర్తులేని ముత్తాత, పక్కవాళ్ళ క్రయపత్రంలో పడమటి హద్దుగా నిలబడి కనిపిస్తాడు. భాగపత్రం దొరికిందా, పంట పండినట్టే. మైనరు ఎవరు, వాడికి గార్డియన్ ఎవరు, విధవరాలికి మనోవర్తి ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఆడపిల్లల పేర్లు మాత్రం అరుదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా తమిళనాడు చట్టంలోకి వచ్చిందే 1989లో.

పత్రంలోని సర్వే నెంబరు నేటి పట్టాలో ఉండకపోవచ్చు. 1980ల్లో భూమి రికార్డులను సరిచేసిన యూడీఆర్ పథకంతో నెంబర్లు చీలిపోయాయి. గ్రామ పాలనాధికారి (వీఏవో) దగ్గరుండే ‘ఎ’ రిజిస్టరులో పాత నెంబరుకు కొత్తది ఏదో చూడాలి. తేదీకి బదులు ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే భయపడక్కర్లేదు. దానికి 590 కలిపితే ఆ జూలైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది: ఫసలీ 1310 అంటే 1900–01.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌. అక్కడ ధర్మపురి అని అడిగితే దారి తప్పినట్టే. 1965 అక్టోబరు 2 దాకా ఇదంతా సేలం జిల్లా. పూర్వీకులకు మాన్యం ఉండేదని ఇంట్లో అనుకుంటే, 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు అడగండి. మాన్యం మొదట ఎవరికిచ్చారు, అనుభవిస్తున్నవాడు ఆయనకు ఏమవుతాడు అన్న గడులున్నాయి వాటిలో. అంటే గుమాస్తా చేత్తో రాసిన చిన్న వంశవృక్షమే. అంతకు ముందువి బారామహల్ రికార్డులు. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీకి వచ్చాక అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో కొలతలు వేయించి రాయించిన కాగితాలు. సీడెడ్ జిల్లాలవాళ్ళు ఇప్పటికీ తలుచుకునే మన్రో శిస్తు పని నేర్చుకున్నది ఇక్కడే. ఆ కాగితాల్లో మీ తాత దొరక్కపోయినా ఆయన కాలపు ఊరు దొరుకుతుంది.

ఊరు విడిచి తిరిగిరానివాళ్ళ సంగతి వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు డర్బన్ ఉన్న నేటాల్‌ సీమకు అలా వెళ్ళిన కూలీలు లక్షా యాభై వేల పైమాటే. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉన్నాయి. స్పెల్లింగు గుమాస్తా చెవి మీద ఆధారపడింది, కాబట్టి కళ్ళతో చూసి వదిలేయకుండా గట్టిగా పైకి చదవాలి. అతనికి వినబడిన వెల్లిచందై ఎన్ని రకాలుగానైనా ఉండొచ్చు. చివరి గడి ఒంటి మీది గుర్తులది. ఫొటో అంటూ లేని మనిషికి ఏ మోకాలి మీద మచ్చ ఉండేదో అక్కడ రాసి ఉంటుంది.